కేంబ్రియను యుగపు చిన్న ప్రాణులు



కొన్ని మాసముల క్రిందట పాలమూరు ప్రాంతమునుండి ఒక పెద్దలు నా యొద్దకు వచ్చిరి. వారి మనుమడు హైదరాబాదునందలి హైటెక్ సిటీలో ఉద్యోగి. అతడు పనిమీద అమెరికాకు పోయి, మరలివచ్చునపుడు యూటా రాష్ట్రములో కొన్న నల్లని రాతిపలక నొకదానిని తాతగారికి కానుకగా తెచ్చెను. అరచేతిలో నిముడు ఆ పలకపై అంగుళమంత పురుగు ఆకారము స్పష్టముగా నున్నది. దాని ప్రక్కన కందిగింజంత ఆకారము మరియొకటి కలదు. పెద్దలు ఆ పలకను గుడ్డ విప్పి నా ముందుంచి, మూడు ప్రశ్నలు వేసిరి. "నాయనా, ఈ చిన్నది ఆ పెద్దదాని పిల్లయా? ఇట్టివి అమెరికాలోనే యుండునా, ఇతర దేశములలో కూడ కలవా? మా వాని కచేరీ చుట్టునున్న గుండ్లలో దొరకునా? దొరకునన్నచో మా చేని గట్టుననున్న గుండునుకూడ పగులగొట్టించి చూడవలెనని యున్నది" అనిరి.

నేటి ప్రసంగము ఆ మూడు ప్రశ్నలకు సమాధానము.

ఆ పలకమీది ప్రాణులను శాస్త్రజ్ఞులు ట్రైలోబైటు లందురు. మూడు పాయలు గలవి యని ఆ మాటకు అర్థము. వీపు నడుమ నిలువుగా ఒక ఎత్తైన పాయ, దాని కిరుప్రక్కల రెండు పాయలు నుండుటచే ఆ పేరు వచ్చినది. అడ్డముగా చూచినను శరీరము మూడు భాగములే: తలకవచము, కణుపులు గల మొండెము, తోకకవచము. మన పొలములలో వానకాలమున కనబడు రోకలిబండను తాకినచో చుట్టుకొనును గదా! ట్రైలోబైటులలో పెక్కు జాతులు అట్లే చుట్టుకొనగలిగెడివి. రొయ్యయు ఎండ్రకాయయు పెరుగుచు పైపెంకును విడిచినట్లు, ఇవియు పలుమారులు కవచమును విడిచెడివి. కావున ఒక్క ప్రాణి తన జీవితకాలములో అనేక కవచములను సముద్రపు బురదలో వదలిపోయెడిది. ఆ బురద గట్టిపడి రాయి కాగా ఆ కవచములు అందులో నిలిచినవి. శిలాజములలో చాలభాగము ప్రాణుల మృతదేహములు కావు, విడిచిన కుబుసములే.

ట్రైలోబైటులు భూమిమీద కనబడినది సుమారు 52 కోట్ల సంవత్సరముల క్రిందట. కడపటివి అంతరించినది సుమారు 25 కోట్ల సంవత్సరముల క్రిందట. ఇందులో మొదటి భాగమును కేంబ్రియను యుగ మందురు. అది సుమారు 54 కోట్ల సంవత్సరముల క్రిందట ఆరంభమై, 48½ కోట్ల సంవత్సరముల క్రిందట ముగిసినది. అప్పటికి నేలమీద చెట్టు లేదు, పక్షి లేదు, పశువు లేదు. జంతువుల సంసార మంతయు సముద్రములోనే.

ఇక మొదటి ప్రశ్న. చిన్నది పెద్దదాని పిల్లయా? కాదు. పెద్దదాని పేరు ఎల్రాతియా. చిన్నది పెరోనోప్సిస్ అను వేరొక ప్రజాతికి చెందిన ప్రాణి. అది పూర్తిగా పెరిగినను అంతే పరిమాణము. ఇట్టి చిన్నవాని సమూహమునకు అగ్నోస్టిడు లని పేరు. వీనిలో సెంటీమీటరు దాటినవి అరుదు.

పిల్ల కాదని యెట్లు తెలియును? కణుపులను లెక్కించవలెను. ఎల్రాతియా మొండెమునకు పదికి మించిన కణుపు లున్నవి. అగ్నోస్టిడునకు ఎంత పెరిగినను రెండే కణుపులు. దాని పిల్లలుకూడ రాళ్లలో దొరకినవి. మొదట ఒక్క కణుపును లేక, తలయు తోకయు కలిసియుండును. పిమ్మట ఒక కణుపు, ఆపైన రెండవది ఏర్పడును. అక్కడితో కణుపుల లెక్క ఆగిపోవును, ప్రాణి మాత్రము కొంత పెరుగుచునే యుండును. మరి రెండు గుర్తు లున్నవి. అగ్నోస్టిడునకు కన్నులు లేవు. తల, తోక ఇంచుమించు ఒకే పరిమాణము, ఒకే ఆకారము; అలవాటు లేనివాడు ఏది తల, ఏది తోక యని తికమకపడును. చుట్టుకొన్నపుడు రెండు కవచములును ఆల్చిప్ప మూసినట్లు అతుకుకొనును.

వీనికి దగ్గరి చుట్టములు ఇయోడిస్కిడులు. అవియు చిన్నవే. వానికి రెండుగాని మూడుగాని కణుపు లుండును. కొన్నిటికి కన్నులును కలవు. ఇయోడిస్కిడులు కేంబ్రియను యుగము ముగియకముందే నశించినవి. అగ్నోస్టిడులు తరువాతి యుగముకూడ గడపి, సుమారు 44½ కోట్ల సంవత్సరముల క్రిందట అంతరించినవి.

అగ్నోస్టిడులలోని జాతులను వేరుచేయుటకు కవచముమీది గీతలు, గాడులు, ముండ్లు ఆధారము. తల నడుమనున్న ఉబ్బు ఎంత పొడవు? దాని ముందు నిలువు గాడి కలదా లేదా? తోక అంచున ముండ్లున్నవా? ఇట్టివి భూతద్దముతో చూచి నిర్ణయించెదరు. లెజోపైజీ లీవిగాటా అను జాతి పైభాగము ఇంచుమించు నునుపు. ఆ పేరులోని రెండవ మాటకు నునుపైనదని అర్థము. గ్లిప్టాగ్నోస్టస్ రెటిక్యులేటస్ కవచముపై వల పరచినట్లు గీతలుండును. ఆ పేరునకు వలవంటిదని అర్థము.

ఈ కుటుంబమునకు మూలమైన పేరు అగ్నోస్టస్. 1822లో బ్రోన్యార్ అను ఫ్రెంచి పండితుడు ఆ పేరు పెట్టెను. అది గ్రీకుమాట, తెలియబడనిది యని అర్థము. మన "అజ్ఞాత" శబ్దమునకును దానికిని ధాతువు ఒక్కటే. పేరునకు తగినట్లే ఆ ప్రాణిని గురించిన సందేహము నేటికిని పూర్తిగా తీరలేదు. స్వీడను దేశపు రాళ్లలో బఠాణీగింజవంటి అగ్నోస్టస్ పిసిఫార్మిస్ యొక్క పిల్లలు కాళ్లతో సహా దొరకినవి. 1987లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ కాళ్లను వర్ణించిరి. అవి ట్రైలోబైటుల కాళ్లవలె లేవు. రొయ్యల వంశమునకు దగ్గరగా నున్నట్లు తోచినవి. అందుచే అగ్నోస్టిడులు అసలు ట్రైలోబైటులే కావని కొందరు వాదించిరి. 2019లో కెనడాలోని బర్జెస్ షేల్ అను ప్రసిద్ధమైన శిలలయందు మీసములు, కాళ్లు, పేగు నిలిచిన పెరోనోప్సిస్ వంటి అగ్నోస్టిడులను పరిశీలించి, ఇవి ట్రైలోబైటుల దాయాదులే యని మరి ఇరువురు ప్రకటించిరి. ఇట్లు కుటుంబవృక్షములో దాని కొమ్మ ఎక్కడిదను వ్యవహారము ఇంకను నడచుచున్నది. దాని గుర్తులు మాత్రము నిస్సందేహము.

రెండవ ప్రశ్న, ఇవి ఎక్కడెక్కడ గలవని. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఒక పోలిక చెప్పెదను. పాత బావి పూడిక తీయునపుడు తిరుగలిరాయి ఒకటి దొరకిన దనుకొనుడు. అది ఏ కాలముదో చెప్పుట కష్టము. తిరుగలి వేల సంవత్సరములు మారకయే యున్నది. అదే బావిలో చార్మినారు బొమ్మగల హాలీ సిక్కా దొరకినచో, ఆ మట్టి నిజాముల కాలముదానికంటె పాతది కాదని మీరు వెంటనే చెప్పగలరు. ఏలయన ఆ నాణెము కొలదికాలమే ముద్రింపబడినది, అయినను ఊరూర చెల్లినది. తక్కువకాలము నిలిచి ఎక్కువదూరము ప్రాకిన వస్తువే కాలమునకు మంచి సాక్షి.

కేంబ్రియను సముద్రములకు అగ్నోస్టిడులు అట్టి నాణెములు.

పెద్ద ట్రైలోబైటులలో చాలవరకు తీరమునకు దగ్గరగా, తక్కువ లోతు నీటిలో మసలినవి. ఒక ఖండపు తీరముననున్నవి మరియొక ఖండమునకు దాటలేదు. యుగపు తొలిభాగములో నాటి ఉత్తర అమెరికా తీరమున ఒలెనెల్లస్ అను ప్రజాతి యుండగా, చైనా, ఆస్ట్రేలియా తీరములను, మన హిమాలయ ప్రాంతమును, నేడు పాకిస్తానులోనున్న ఉప్పుకొండలను రెడ్లికియా ఆక్రమించినది. వ్యాపారిని మాటతీరునుబట్టి ఏ జిల్లావాడో చెప్పినట్లు, ఈ ప్రాణులనుబట్టి ఆ రాయి ఏ పురాతన తీరముదో చెప్పవచ్చును.

అగ్నోస్టిడులలో అనేక జాతులు తీరమునకు దూరముగా, విశాలసముద్రపు చల్లని నీటిలో నుండినవి. అవి ఈదినవా, అడుగున ప్రాకినవా యనుటలో పండితులలో భేదాభిప్రాయము కలదు. ఎట్లున్నను వాని వ్యాప్తి ఆశ్చర్యకరము. వలగీతల గ్లిప్టాగ్నోస్టస్ స్వీడనులో దొరకినది. సైబీరియాలోను, కజకస్తానులోను, చైనాలోను, ఆస్ట్రేలియాలోను, ఉత్తర అమెరికాలోను దొరకినది. కాలమా, స్వల్పము. కావున ఆ జాతి యున్న పొరలన్నియు ఇంచుమించు ఒకేకాలమున ఏర్పడినవని నిశ్చయింపవచ్చును.

ఈ సాక్ష్యమును లోకమంతయు అంగీకరించినది. కేంబ్రియను యుగమును విభాగములుగా చేయునపుడు, నాలుగింటి ఆరంభమునకు అంతర్జాతీయ భూగర్భశాస్త్రజ్ఞులు అగ్నోస్టిడు జాతులనే సరిహద్దురాళ్లుగా నిలిపిరి. అందులో వలగీతల జాతి 2003లో నిర్ణయమైనది. టైకాగ్నోస్టస్ అటావస్ అను జాతి 2006లో నిర్ణయమైనది. ఆ హద్దు స్థలము యూటాలోని డ్రమ్ కొండలలో నున్నది. నునుపు కవచపు లెజోపైజీ 2008లో, అగ్నోస్టోటిస్ ఓరియంటాలిస్ 2011లో నిర్ణయమైనవి. తక్కిన మూడింటి హద్దు స్థలములును చైనాలోనివే.

ఇందు మన దేశమునకును ఒక భాగము కలదు. హిమాచలప్రదేశమునందలి స్పితిలో పరాహియో లోయ కలదు. అక్కడి పొరలను హేడెన్ అను భారత భూగర్భశాఖ ఉద్యోగి శోధించి 1904లో గ్రంథము ప్రకటించెను. స్పితి కేంబ్రియను శిలాజములను ఇంగ్లండులోని కౌపర్ రీడ్ పరీక్షించి, 1910లో ఒక చిన్న ట్రైలోబైటునకు ఇండికస్ అను పేరు పెట్టెను. నేడు దానిని ఒరిక్టోసెఫలస్ ఇండికస్ అందురు. ఇది అగ్నోస్టిడు కాదు, కణుపులు పెక్కుగల వేరు జాతి. అయినను ఇదియు దూరదేశములకు వ్యాపించినదే. 2018లో చైనాలోని గుయిజౌ రాష్ట్రమున వూలియువాను అను కాలవిభాగపు హద్దును ఈ జాతి ఆధారముననే స్థాపించిరి. హద్దురాయి చైనాలోనిది, దానిమీది పేరు మన దేశముది.

ఇక మూడవ ప్రశ్న. హైటెక్ సిటీ గుండ్లలో ఇవి దొరకునా? దొరకవు. మాదాపూరు, గచ్చిబౌలి, ఖాజాగూడ ప్రాంతముల రాయి గ్రానైటు. అది సముద్రపు బురదనుండి పుట్టలేదు. భూమి లోతున కరిగిన పదార్థము మెల్లగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడినది. దానిలో ప్రాణి కవచము నిలుచుటకు వీలు లేదు. పైగా దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ట్రైలోబైటు పుట్టునప్పటికే ఈ గ్రానైటు దాదాపు 200 కోట్ల సంవత్సరముల వృద్ధు. పగుళ్లలోనికి నీరు దిగి, మూలలు శిథిలమై, మట్టి కొట్టుకొనిపోగా గుండ్రని బండలు మిగిలినవి. ఎవరో ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడుట ఆ కారణముననే.

తాండూరు, బేతంచర్ల నాపరాళ్లలో? అవి నీటి అడుగున ఏర్పడినవే, అయినను వానిలో ఇంతవరకు ట్రైలోబైటు కనబడలేదు. ఆ బండలమీద నాచువలె, చిన్న చెట్టువలె నల్లని ఆకారములు కనబడును. అవి చెట్లు కావు. మాంగనీసు గల నీరు పొరల నడుమ ప్రాకి వదలిన మరకలు. గోదావరి లోయలోని పొరలు ట్రైలోబైటుల కాలము ముగిసిన తరువాతి వానితోకూడ నిండినవి. అక్కడి యామన్‌పల్లి వద్ద దొరకిన కోటాసారస్ అను మహాకాయపు రాక్షసిబల్లి అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో నిలిచియున్నది. పట్నమునకు వచ్చినపుడు మనుమలతో కూడ చూడదగినది.

కావున పెద్దలతో నిట్లు మనవి చేసితిని: "మీ చేని గుండును పగులగొట్టింపకుడు. అందులో పురుగు లేదు. కాని ఆ గుండు ఏ పురుగుకంటెను ప్రాచీనము." 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ ప్రాంతమున ఎన్ని గుండ్లు మందుపాతరలకు పోయినవో దారిన పోవువారికి తెలియును. ఇండ్లును దారులును కావలసినవే. అయినను కట్టడము మరల కట్టవచ్చును. గుండును మరల పేర్చుట మనుష్యుని తరము కాదు. 1996నుండి ఆ రాళ్లను కాపాడుటకు హైదరాబాదులో ఒక సంఘము పనిచేయుచున్నది. గ్రామములలో ఆ పని పెద్దలైన మీది.

వారు పోవునపుడు నేనొక ప్రశ్న వేసితిని: "ఈ పలక యూటాలో ఏ కొండది?" వారికి తెలియదు. పలక వెనుక చీటీ లేదు. "హద్దులు వ్రాయని దస్తావేజు చెల్లునా?" అంటిని. పెద్దలు నవ్వి, అక్కడనే మనుమనికి ఫోను చేసి, దుకాణపు రసీదు వెదకించి, కొండ పేరు చెప్పించుకొని కాగితముమీద వ్రాసికొనిరి. ప్రాణి పేరు శాస్త్రజ్ఞుడు ఎప్పుడైనను నిర్ణయింపగలడు. అది దొరకిన ఊరు పేరు మాత్రము, దానిని చేతబట్టినవాడు వ్రాసి యుంచిననే నిలుచును. మీ పొలమున, మీ వాగున వింతయైన రాయి కనబడినచో, ముందుగా ఆ స్థలమును వ్రాసి యుంచి, పిమ్మటనే కదలింపుడు.