అడుగక వచ్చిన వడ్డన
(ఏలూరి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అట్టి లోకమున, మనమడుగకయే ఒక కంపెనీవారు ప్రభుత్వము వాకిట నిలిచి, “మీకు రేవు కట్టెదము, రహదారి వేసెదము, నగరము నిర్మించెదము” అని పలికినచో, ఆ వడ్డనకు విస్తరి పరచుటకు ముందు మనమేమి విచారింపవలెను? నేటి నా ప్రసంగవిషయమిదియే.

దీనిని చర్చించుటకు ఏలూరు తగిన చోటు. విజ్జేశ్వరమునుండి తాడేపల్లిగూడెము మీదుగ వచ్చు గోదావరి కాలువయు, బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువయు మన ఊర కలిసికొనుచున్నవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. రెండింటిని సర్కారు తన సొమ్ముతో, తన ఇంజనీర్లచే కట్టించెను. అది పరాయి ప్రభుత్వము. శిస్తుమీద దాని దృష్టి. అయినను లెక్కల పుస్తకము దాని చేతిలోనే యుండెను. నీరెవరికి, శిస్తెంత అను నిర్ణయము ఒక కంపెనీ పాలు కాలేదు.

గోదావరి ఫలితమును చూపి మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు లండనులో మూలధనము కూర్చి, తుంగభద్రపై సుంకేసులనుండి కడపవరకు కాలువ త్రవ్వించిరి. సర్కారు 10 లక్షల పౌన్ల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి పూచీ పడెను. కాని డెల్టాలో కుదిరిన లెక్క నల్లరేగడి నేలలో కుదరలేదు. మెట్టపంటలకు అలవాటుపడిన రైతు కంపెనీ తలచినంత నీరు కొనలేదు. వాటాదారుల వడ్డీ మాత్రము ఖజానానుండి నడిచెను. తుదకు 1882లో సర్కారే ఆ కాలువను కొనెను. కాలువ చెడ్డది కాదు. కర్నూలు కడప కాలువగా నేటికిని పొలములు తడుపుచున్నది. చెడ్డది ఒడంబడిక. లాభము వచ్చినచో వాటాదారునిది, నష్టము వచ్చినచో ప్రజలది!

ఇది పాతకథ యని త్రోసివేయకుడు. 2001లో మన రాష్ట్రము చేసిన మౌలికవసతుల చట్టమున స్విస్ ఛాలెంజ్ అను పద్ధతి కలదు. ఒక కంపెనీ తనంతట తాను ప్రతిపాదన తెచ్చును. ప్రభుత్వము దానిని ప్రకటించి, ఇంతకన్న మేలుగా చేయువారెవరని పిలుచును. మేలైన బేరము వచ్చినచో, మొదటివాడు దానికి సరితూగుటకు అవకాశమిత్తురు. సరితూగెనా, పని వానిదే. పద్ధతి చూడ న్యాయముగనే యున్నది. కాని మొదటివాడు నెలల తరబడి నేలను, లెక్కలను పరీక్షించి వచ్చును. పోటీదారునకు దొరకునది కొలదికాలము, కొలదిసమాచారము. పైగా తాను శ్రమించి బేరము పెంచినను, పని మొదటివానికే పోవచ్చునని యెరిగినవాడు పోటీకేల వచ్చును?

అమరావతిలో 1,691 ఎకరముల స్టార్టప్ ప్రాంతమునకు సింగపూరు కంపెనీల కూటమి ఈ పద్ధతినే ప్రతిపాదన తెచ్చెను. ఆదాయమున ప్రభుత్వమునకు వచ్చు వాటా యెంతో పోటీదారులకు తెలుపలేదను వివాదముపై 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ ప్రక్రియను నిలిపెను. తరువాత చట్టము సవరింపబడెను; 2017లో ఒప్పందము కుదిరెను. కూటమికి 58 పాళ్లు, ప్రభుత్వ సంస్థకు 42 పాళ్లు. ప్రభుత్వము మారినపిదప 2019 నవంబరులో అది రద్దయ్యెను. సుప్రీముకోర్టు 2009లో ఈ పద్ధతిని నిషేధింపలేదు. నియమములు ముందే ప్రకటింపుడు, అందరిని సమముగ చూడుడని చెప్పెను. 2015లో కేల్కరు సంఘము మరియొక అడుగు ముందుకువేసి, ఇట్టి ప్రతిపాదనలను ప్రోత్సహింపవలదనెను.

మన ముంగిటి కొల్లేటినే తలపుడు. బుడమేరు, తమ్మిలేరు దానిలో పడును. నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. రేపొక కంపెనీ సరస్సుకడ్డముగ రహదారి వేసెదమని వచ్చినదనుకొందము. దాని నివేదికలో బండికింతయని సుంకపు లెక్క తప్పక యుండును. నీరడ్డగించినప్పుడు మునుగు లంకగ్రామముల లెక్క యెవరు వ్రాయుదురు? ఆ లెక్క వ్రాయుట కంపెనీ ధర్మము కాదు, ప్రభుత్వ ధర్మము.

కావున నేను కోరునవి అయిదు. ఈ పని మనకు కావలెనా యను విచారణ, కంపెనీ కాగితములతో కాక ప్రభుత్వపు సొంత ఇంజనీర్ల కొలతలతో జరుగవలెను. మొదటివానికి తెలిసినదంతయు పోటీవారికి తెలియవలెను. వారికి చాలినంత గడువుండవలెను. నష్టము వచ్చినచో భరించువాడెవడో ఒడంబడికలో స్పష్టముగ నుండవలెను. సంతకమునకు ముందే ఆ పత్రములు తెలుగున అచ్చై, ఇట్టి పఠనమందిరముల బల్లలపైకి రావలెను.

అడుగక వచ్చినదెల్ల విషమని నేననను. మంచి ఆలోచన యెవరినుండి వచ్చినను మంచిదే. కాని ఇంటి యజమాని వడ్డన రుచి చూచుటకు ముందు వెల యడుగును. ఈ యింటికి యజమానులు మీరు, అడుగుడు.