ఒక్క కీలు వాచినప్పుడు



కీళ్ళనొప్పులు అనగానే మనకు ఇంట్లో పెద్దవాళ్ళు గుర్తొస్తారు. మోకాళ్ళు పట్టుకుని లేవడం, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోవడం, ఇవి ఏళ్ళ తరబడి వుండేవే. వాటి సంగతి మరోసారి మాట్లాడుకోవచ్చు. ఇవాళ నేను చెప్పబోయేది వేరు. నిన్నటిదాకా బాగున్న మనిషికి ఒకే ఒక్క కీలు, మోకాలో, చీలమండో, మోచెయ్యో, వున్నట్టుండి వాచి, చెయ్యి పెడితే కాలుతూ, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి పుడితే ఏం చేయాలి?

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ముందు జరిగేది ఒకటే. "వాతం చేసింది" అంటారు. వావిలాకు కాపడం, వేడి నూనె మర్దన, ఆపైన గట్టి కట్టు. తగ్గకపోతే వీధి చివర సూదిమందు. ఇట్టే మూడు నాలుగు రోజులు గడిచిపోతాయి. పాత నొప్పికి కాపడం హాయిగానే వుంటుంది, నేను కాదనను. కాని ఈ కొత్త వాపు విషయంలో ఆ మూడు నాలుగు రోజులే ప్రమాదం.

ఎందుకంటే ఆ కీలులో చీము పట్టి వుండవచ్చు. ఎక్కడో ఒక పుండులోంచి సూక్ష్మక్రిములు రక్తంలో కలిసి కీలులోకి చేరితే, ఎముకల చివర నున్నగా వుండే మృదులాస్థిని కొద్ది రోజుల్లోనే పాడు చేస్తాయి. పోయిన మృదులాస్థి మళ్ళీ మునుపటిలా పెరగదు. కీలు జన్మంతా బిగుసుకుపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. షుగరు వ్యాధి, మూత్రపిండాల జబ్బు వున్నవారికి, వయసు మళ్ళినవారికి, మోకాలి మార్పిడి చేయించుకున్నవారికి ఈ భయం మరీ ఎక్కువ. "జ్వరం లేదు కదా" అని ధైర్యపడకండి. చీము పట్టినా జ్వరం రానివాళ్ళు చాలామంది వుంటారు.

చిన్నపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తుంటి కీలు లోతుగా వుంటుంది గనక వాపు పైకి కనబడదు. నిన్న ఆడుకున్న పిల్లవాడు ఇవాళ జ్వరంతో కాలు నేలమీద మోపనంటే, చంటిబిడ్డ గుడ్డ మార్చేటప్పుడు కాలు కదిపితే కెవ్వుమంటే, దిష్టి తీసి తెల్లారేదాకా ఆగుదామనుకోకండి. దిష్టి తీస్తే తీయండి గాని, ఆటో పిలిచాక తీయండి!

అయితే ఒంటి కీలు వాపంతా చీమే కాదు. రాత్రి బాగానే పడుకున్న మామగారు తెల్లవారుజామున కాలి బొటనవేలు పట్టుకుని, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌటు కావచ్చు. యూరిక్ యాసిడ్ సన్నని సూదుల్లాంటి స్ఫటికాలై కీలులో చేరితే వచ్చే బాధ ఇది. మాంసం, మద్యం, రక్తపోటుకిచ్చే కొన్ని నీరు తీసే మాత్రలు దీన్ని రెచ్చగొడతాయి. ఆడవాళ్ళకు ముట్లుడిగేదాకా ఇది అరుదు, ఆ తరువాత రావచ్చు. చాలామంది రక్తంలో యూరిక్ యాసిడ్ లెక్క ఒక్కటీ చూసి తేల్చేస్తారు. నొప్పి ముదిరిన రోజుల్లో ఆ లెక్క మామూలుగానే కనిపించవచ్చు. ఎక్కువున్నవాళ్ళలోనూ చాలామందికి గౌటు రానేరాదు. కనక ఆ కాగితం చూసి నిశ్చింతగా వుండకూడదు.

ఇక దెబ్బలు. గనిలోనో, బండి మీంచి పడో మోకాలు మెలిపడి, గంటా రెండు గంటల్లోనే ఉబ్బితే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. కీలును పట్టివుంచే స్నాయువు తెగడమో, ఎముక చిట్లడమో జరిగివుండవచ్చు. మగపిల్లవాడికి దెబ్బ తగలకుండానే పదే పదే కీలు ఉబ్బుతుంటే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా వుందేమో చూడాలి. ఆ సంగతి తేలేదాకా కండకు సూదిమందు వేయించవద్దు.

వీటిని పైనుంచి చూసి విడదీయడం అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. నిజం చెప్పేది కీలులోని నీరు. చర్మం శుభ్రం చేసి, మత్తుమందిచ్చి, సూదితో నీరు లాగుతారు. కొద్ది నిమిషాల పని. ఆరోగ్యంగా వున్న కీలులో అది తేటగా, జిగటగా వుంటుంది. ఒక ఘనపు మిల్లీమీటరులో తెల్లకణాలు 200 దాటవు. చీము పట్టినప్పుడు మజ్జిగలా చిక్కబడి, కణాలు తరచుగా 50,000 దాటతాయి. గౌటులోనూ కొన్నిసార్లు అలాగే వుంటుంది కనక క్రిముల కోసం, స్ఫటికాల కోసం విడివిడిగా వెతుకుతారు. రెండూ ఒకేసారి వుండటమూ కద్దు. గౌటు స్ఫటికాలను ఇలా ప్రత్యేకమైన వెలుగులో మైక్రోస్కోపు కింద గుర్తించవచ్చని 1961లో అమెరికాలో మెకార్టీ, హాలండర్ అనే వైద్యులు చూపించారు.

"నీరు తీస్తే మళ్ళీ మళ్ళీ ఊరుతుంది" అని ఒకరు, "తీస్తే కీలు ఎండిపోతుంది" అని మరొకరు భయపెడుతుంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు తెలియదు! ఊరేది జబ్బు వల్ల, సూది వల్ల కాదు.

ఒకప్పుడు ఇలాంటి పరీక్ష అంటే వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రే గుర్తొచ్చేది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ముందు దగ్గరలోని పెద్దాస్పత్రికి ఆ రోజే వెళ్ళండి. కీలు కడగడానికి ఆపరేషన్ కావాలని వరంగల్ పంపితే తటపటాయించకండి.

వెళ్ళేదాకా కీలును కదపకుండా దిండు మీద వుంచి, తడిగుడ్డ వేయండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర మాత్రం ఇవ్వవద్దు. నీరు తీయకముందే అది కడుపులో పడితే, పరీక్షలో క్రిమి దొరకక జబ్బు దాక్కుంటుంది. మూత్రపిండాల జబ్బున్నవారికి నొప్పిబిళ్ళలు కూడా వద్దు. చీము లేదని తేలకముందు కీలులోకి స్టెరాయిడ్ సూది వేయించుకోకూడదు.

రోజూ వాడే మందుల చీటీ తీసుకెళ్ళి, "నీరు తీసి పరీక్ష చేస్తారా?" అని మీరే అడగండి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆ రిపోర్టు వచ్చాక మందు మార్చవలసి రావచ్చు. నొప్పి తగ్గిందని ఊరుకోకుండా, ఇంట్లో ఎవరో ఒకరు వెళ్ళి ఆ కాగితం తెచ్చి డాక్టరుకు చూపించాలి.