అక్వేరియంలో పురుడు



డి.ఎ. బకాయిల సంగతి పెద్దలు మాట్లాడేశారు కనుక, నేను మా అక్వేరియంలోని మొక్కల సంగతి చెబుతాను. మా ఇంట్లో ఉన్నది అమెజాన్ స్వోర్డ్. దక్షిణ అమెరికా మొక్క, ఆకులు కత్తుల్లా ఉంటాయి. బాగా ఎదిగాక పొడుగాటి కాడ తీస్తుంది. కాడ నీటిపైకి వస్తే మూడు రేకుల తెల్లని పూలు పూస్తాయి. నీటిలోనే ఉండిపోతే తరచు కణుపుల దగ్గర పిల్లమొక్కలు వేస్తుంది. ఆ కాడను మా ఆవిడ ఉయ్యాల అంటుంది.

పిల్లను తొందరపడి తుంచకండి. నాలుగైదు ఆకులు, రెండంగుళాల వేళ్లు రానివ్వండి. ఇసుకలో నాటేటప్పుడు ఆకులు మొలిచే మొదలు పూడిపోకూడదు, కుళ్లిపోతుంది.

మన దేశపు నీళ్లలోనూ పెరిగే వాలిస్నేరియాది మరో వింత. ఆడపువ్వు సన్నని కాడతో నీటిపైకి వస్తుంది. మగపూలు అడుగున తెగి, తేలివచ్చి దాన్ని చేరుకుంటాయి. తరువాత ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీటిలోకి లాక్కుంటుంది. పువ్వుతో పని లేకుండా, పక్కకు తీగలు పాకించి కూడా పిల్లలు పెడుతుంది.

మిగిలిన మొక్కల్ని చెరువులోనో కాలువలోనో మాత్రం పారేయకండి. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికాదే. పూలు బాగున్నాయని దేశదేశాలకు తీసుకుపోతే, ఇవాళ మన చెరువుల్లో నీరే కనబడకుండా చేసింది. ఎక్కువైనవి బాగా ఎండబెట్టి ఎరువులో కలపండి.

మా కాడకు ఇప్పుడు ఆరు పిల్లలున్నాయి. కావలసినవారు వచ్చే నెల మీటింగుకు మూత ఉన్న సీసా తెచ్చుకోండి.