సంభూయ సముత్థానము: పదిమంది కలిసి పూనుకొను పని



ఈ సాయంకాలము దానధర్మములను గూర్చి ప్రసంగింపుమని నిర్వాహకులు మమ్ము కోరినారు. అన్నదానమును గూర్చియు, గోదానమును గూర్చియు ఈ మండపముననే పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. మీరును శ్రద్ధతో వినియున్నారు. కావున నేడు మేము వేరొక విషయము నెత్తుకొనుచున్నాము. కూలివారు, పేదలు, స్త్రీలు తమకు జరుగవలసిన న్యాయము కొరకు తామే ఒక సంఘముగా కూడుకొన్నప్పుడు, ఆ సంఘమునకు కావలసిన ధనము, ధాన్యము, పాత్ర, పందిరి ఎచ్చటినుండి రావలెను? వచ్చినదానిని ఎట్లు కాపాడుకొనవలెను? వేదము వల్లించుకొను ముసలివానికి ఈ లెక్కల గొడవ ఏల అని మీలో కొందరికి తోపవచ్చును. మాకు లెక్కలు రావు, నిజమే. కాని మేము పరుల ఇండ్ల అన్నముతో చదువుకొన్నవారము. ఆ అన్నము వెనుక ఎంతటి ఏర్పాటు ఉండెడిదో మా కడుపునకు తెలియును.

మా చిన్ననాట పాఠశాలలో విద్యార్థులము వారములు చెప్పుకొని భుజించెడివారము. సోమవారము ఒక ఇల్లు, మంగళవారము ఒక ఇల్లు, ఇట్లు ఏడు దినములకు ఏడు ఇండ్లు. ఏ ఇంటి మీదను భారము పడెడిది కాదు. ఏ ఇల్లాలును మేము పోషించుచున్నామని చెప్పుకొనెడిది కాదు. మాకు మంగళవారము పెట్టెడి కుటుంబము ఒక సంవత్సరము హఠాత్తుగా ఊరు విడిచి వెళ్లినది. ఆ దినమున మేము మంచినీళ్లు త్రాగి పడుకొనిన సంగతి మా గురువుగారికి మరునాటి సంతలో స్వరము తగ్గుటచేత తెలిసినది. నాటినుండి ఆయన ప్రతి విద్యార్థికిని ఎనిమిదవ ఇల్లు ఒకటి చూచి ఉంచెడివారు. ఏ వారము తప్పినను ఆ ఇల్లు ఆదుకొనెడిది. నేటి వారు మిగులు నిధి, ఆపద నిధి అని పెద్ద పేర్లు పెట్టుచున్నారు. మా గురువుగారి నోట అది ఎనిమిదవ ఇల్లు. ఒక్క దాతను నమ్ముకొని నిలిచిన సంఘమును చూచినప్పుడెల్ల మాకు ఆ మంగళవారము జ్ఞప్తికి వచ్చును.

శాస్త్రము ఈ విషయమున మౌనముగా లేదు. వివాదపదములు పదునెనిమిదింటిని చెప్పుచు మనుధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయమున సంభూయ సముత్థానమనునొక దానిని పేర్కొన్నది. పలువురు కూడి ఒక పనికి పూనుకొనుట అని దాని అర్థము. ఆ గ్రంథమునందలి కొన్ని మాటలు మన ప్రజలలో పెద్ద భాగమునకు తరతరములుగా నొప్పి కలిగించినవి. ఆ నొప్పి అకారణమని మేము చెప్పబోము. అయినను మంచి మాట ఎచ్చట నున్నను తీసికొనవలెను గదా.

సంభూయ సముత్థానమునకు ఆ గ్రంథము తీసికొనిన మొదటి ఉదాహరణము వర్తకము కాదు, యజ్ఞము. సోమయాగమున ఋత్విక్కులు పదునారుగురు. హోత, అధ్వర్యువు, ఉద్గాత, బ్రహ్మ అను నలుగురు ముఖ్యులకు పూర్తి భాగము. తరువాతి నలుగురికి అందు సగము, ఆ తరువాతి వారికి మూడవవంతు, చివరి వారికి నాలుగవవంతు. దక్షిణ 100 గోవులైనచో ముఖ్యులకు తలకు 12, తరువాతి వారికి 6, పిదప 4, చివర 3. కూడి చూచుకొనుడు, సరిగా నూరగును. పని మొదలుపెట్టకముందే ఎవరికెంత అనునది తెలిసియుండవలెనని పూర్వులు ఇంత పట్టుదల చూపిరి.

ఇందు బ్రహ్మ అనువాని సంగతి కొంచెము ఆలోచింపుడు. ఆయన హోతవలె ఋక్కులు చదువడు, ఉద్గాతవలె గానము చేయడు. దక్షిణ దిక్కున మౌనముగా కూర్చుండి ఎచ్చటనైన లోపము జరుగుచున్నదా అని చూచుచుండును. జరిగినచో ప్రాయశ్చిత్తము చేయును. చూచువారికి ఆయన ఏ పనియు చేయనట్లే యుండును. ఆయనకును పూర్తి భాగమే! నేటి దాతలు అన్నమునకు ఇత్తురు, వస్త్రమునకు ఇత్తురు, పిల్లల పుస్తకములకు ఇత్తురు. సంఘపు లెక్కలు వ్రాయువానికి జీతము, గది అద్దె, కూలి తగవులో న్యాయస్థానమునకు పోయివచ్చు బస్సు ఖర్చు అనినచో ముఖము త్రిప్పుకొందురు. మా డబ్బు అంతయు పేదకే చేరవలెను అందురు. వినుటకు ఇంపుగానే యుండును. లోపము చూచువాడు లేని యజ్ఞము ఏమగునో వారు ఆలోచింపరు. దీపపు గొట్టము మీద తన పేరు, తన తండ్రి పేరు వ్రాయించి వెలుతురును సగము మూసివేసిన దాతలను మీరును చూచియున్నారు. వారి సంగతి మేము చెప్పనక్కరలేదు.

అదే అధ్యాయమున మరియొక నియమము కలదు. ధర్మకార్యము కొరకని అడిగిన వానికి ధనమిచ్చినపుడు, వాడు ఆ పని చేయనిచో ఆ దానము చెల్లదు. దాత తిరిగి తీసికొనవచ్చును. లోభముచేతనో గర్వముచేతనో వాడు ఈయననినచో రాజు వానికి ఒక సువర్ణము దండుగ వేయవలెను. అది దొంగతనముతో సమానము. బావి కొరకు వసూలు చేసినది ఊరేగింపునకు ఖర్చుపెట్టి, అదియు మంచి పనియే గదా అనువారు ఈ మాట వినవలెను.

ఇక మన నేలమీద జరిగినది చెప్పెదము. 1921 మార్చి నెల చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమై తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించినది. ఆ వెనుకనే మహాత్ముడు కాకినాడకు వచ్చినాడు. పన్నెండేండ్లు నిండని బాలిక ఒకతె, తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధికెక్కినది, దేవదాసీలును, ఘోషాలోని ముస్లిము స్త్రీలును ఆయన మాట వినవలెనని పట్టుపట్టినది. ఐదువేల రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషములు కేటాయింతుమని నిర్వాహకులు చెప్పినారట. ఆ స్త్రీలే ఆ ధనమును కూర్చినారు. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తన ఆవరణ ఇచ్చినాడు. సభలో ఆ స్త్రీలు ఒంటి నగలు ఒలిచి యిచ్చినారు. మొత్తము ఇంచుమించు ఇరువదియైదు వేల రూపాయలైనదని చెప్పుదురు. లోకము తలవంపుగా చూచిన స్త్రీల చేతి సొమ్ము అది. వారిని దాతలుగా ఎంచి అడిగినది ఒక చిన్నపిల్ల మాత్రమే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినపుడు, దేశములోని స్వచ్ఛంద సంస్థలకు ధనసహాయము చేయు ఆ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలైనది. సంస్థ నడుపు వారి కష్టము ఆమెకు ఒకరు చెప్పవలసిన పనిలేకపోయినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిన సంగతి మీ అందరికిని తెలిసినదే. వారికి ఏ ధనికుడును నిధి సమకూర్చలేదు. వయోజన విద్యా కేంద్రములో చదివిన పాఠమొకటి వారిలో చర్చ రేపినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. సారాకు పోయెడి రూపాయి ఇంటనే నిలిచినది. అటుపిమ్మట ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరిట దినమునకు ఒక రూపాయి చొప్పున దాచుకొను సంఘములు లేచినవి. ఇచ్చట దాత ఎవరు, గ్రహీత ఎవరు? దాత, గ్రహీత, శ్రద్ధ, ధర్మముగా ఆర్జించిన ద్రవ్యము, దేశము, కాలము అని దానమునకు ఆరు అంగములు చెప్పుదురు. మొదటి రెండును ఒక్క చేతనే ఉండుట మేము పాఠశాలలో వినలేదు. వయసు మళ్లిన తరువాత ఆ తల్లుల వలన నేర్చుకొంటిమి.

ఇప్పుడు మా స్వవిషయము ఒకటి చెప్పవలసియున్నది. చెప్పకుండ దాటిపోవచ్చును, కాని ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్న కారణమే అది.

సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట గోదావరి తీరమున ఒక గ్రామములో దేవాలయపు మండలిలో మేమొక సభ్యులము. ఊరి వెలుపలి పేటనుండి ఐదుగురు యువకులు వచ్చినారు. వారు రాత్రి బడి ఒకటి నడుపుచున్నారు. పనులు లేని ఆషాఢమాసమున వృద్ధులకు గంజి కాచి పోయదలచినారు. డబ్బు అడుగలేదు. కల్యాణోత్సవమునకు తప్ప వెలికితీయని ఇత్తడి గుండిగలు రెండు నెల దినములు ఇప్పింపుడని అడిగినారు. మండలివారు మా వైపు చూచి, శాస్త్రమేమనును అని ప్రశ్నించినారు. దేవద్రవ్యము అన్యకార్యములకు పోరాదని మేము చెప్పితిమి. ఆ మాట శాస్త్రమే. కాని అవే గుండిగలు ఊరి పెద్దల ఇండ్ల పెండ్లిండ్లకు అద్దెకు పోవుచుండుట మాకు తెలియును. ఆ పెండ్లి భోజనములు మేమును చేసియున్నాము. ఆ యువకుల చేతులు తగులునని మండలివారు వెనుదీసినారు. ఆ వెనుకంజకు మేము శాస్త్రమును తెర పట్టితిమి. వారిలో పెద్దవాడు, చేత నోటుపుస్తకము గలవాడు, "అట్లాగేనండి" అని దణ్ణము పెట్టి వెళ్లిపోయినాడు.

వారు ఇంటింటను ఒక కుండ పెట్టించినారు. వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు ఒక పిడికెడు అందు వేయవలెను. వినోబాజీ సర్వోదయ పాత్ర అని దేశమంతట చెప్పినది ఇటువంటిదే. పిడికెడనగా ఇంచుమించు 50 గ్రాములు. 60 గడపలనుండి దినమునకు 3 కిలోలు, నెలకు 90 కిలోలు. కూలి చేసికొను ఇండ్లు అవి! సంవత్సరము తిరుగకముందే వారు సొంత గుండిగ కొనుక్కొన్నారు.

చాలకాలము తరువాత ఒక పనిమీద ఆ ఊరు పోయినపుడు ఆ పెద్దవాడు, అప్పటికి తల నెరసినవాడు, మమ్ము ఆదరముతో కూర్చుండబెట్టి తన పుస్తకము తెచ్చి చూపినాడు. ఏ ఇల్లు ఎన్ని పిడికిళ్లు వేసినది, ఏ దినము వేయలేదు, అంతయు అందున్నది. మొదటి పుటలో మొదటి పంక్తి ఇట్లున్నది: గుడివారు, గుండిగలు రెండు, ఇవ్వలేదు. మేము ఆ పంక్తి చూచి తలయెత్తలేకపోతిమి. ఆయన మాత్రము, "అన్నీ రాయాలి గదండీ" అని పుట త్రిప్పినాడు.

ఈ ట్రస్టువారికి మా విన్నపము ఇది. అన్నదానపు హుండీలో పడిన రూకను మరియొక పనికి మరల్పరాదు. దాత దాని కొరకే ఇచ్చినాడు. ఈ మాటలో మాకు నేటికిని సందేహము లేదు. పాత్రలు, జంపఖానాలు, ఖాళీగానుండు గది, ఇవి వేరు. పెండ్లివారికి ఏ షరతుమీద ఇచ్చుచున్నామో అదే షరతుమీద, రసీదు వ్రాయించుకొని, అడిగిన సంఘమునకును ఈయవచ్చును. సంఘమువారును తమవంతు చేయవలెను. 2001 నాటి చట్టము క్రింద రిజిస్ట్రేషను చేయించుకొనుటకు కనీసము 7గురు కావలెను. ఏడు వారముల ఇండ్లవలె ఏడుగురు దొరకని ఊరు ఉండదు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకములు పెట్టుకొనుడు. ప్రతి రూపాయికి రసీదు ఈయుడు. సంవత్సరమునకు ఒకమారు లెక్కలను పదిమందిలో, చదువురానివారికి కూడ అర్థమగునట్లు గట్టిగా చదువుడు. రానిది కూడ వ్రాయుడు.

మన చెరువుగట్టు క్రింది పేట స్త్రీల సంఘమువారు రాత్రి బడి పిల్లల సాయంకాలపు భోజనమునకు పాత్రలు కావలెనని పోయిన మాసము ఈ ట్రస్టునకు అర్జీ పెట్టినారని కార్యదర్శిగారు మాతో చెప్పినారు. అది ఇంకను బల్ల సొరుగులోనే యున్నదట. మన కొట్టులో గుండిగలు నాలుగున్నవని విన్నాము. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో వారు సభానంతరము కొంచెము ఆగవలెను. మేమును వెంట వచ్చెదము.

స్వస్తి.