పండ్ల వాసన పొగలో ఏముంది



ఈ మధ్య మగపిల్లల జేబుల్లో పెన్ను లాంటి సిగరెట్టు కనిపిస్తోంది. అడిగితే "ఉత్త ఆవిరేనమ్మా" అంటారు. కాదు. అందులో పోసే లిక్విడ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన రసాయనాలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. నికోటిన్ మనకు కొత్తా? మంచుకు తడిసిన పొగాకు కోసిన రోజు కళ్లు తిరిగి వాంతులయ్యేది దానివల్లే. చర్మంలోంచే ఎక్కుతుంది. ఇక ఆ లిక్విడ్ చంటిపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పు.

గ్లిజరిన్ చేతులకు రాసుకునేదే కదా అని ఒక అక్క అడిగింది. రాసుకోవడం వేరు, కాచి పీల్చడం వేరు. బాగా వేడెక్కితే అందులోంచి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. బాండీలో నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటులో ఉండేది ఈ అక్రోలినే. మన ఊపిరి గొట్టాల లోపలి కణాలకు సన్నని నూగు ఉంటుంది. దుమ్మునీ కఫాన్నీ పైకి ఊడ్చేది అదే. ఈ రసాయనాలు ఆ నూగునీ కణాలనీ దెబ్బతీస్తాయి. వెన్న వాసనకు కొన్నిట్లో కలిపే డయాసిటైల్ సంగతీ అంతే. తిండిలో వాడేదే, కానీ అమెరికాలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీల్లో దాన్ని పీల్చిన కూలీల ఊపిరితిత్తులు పాడైపోయాయి.

2019 నుంచి మన దేశంలో వీటి అమ్మకం నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. వచ్చే నెల మా సంఘం బడి దగ్గరి కొట్లవాళ్లతో మాట్లాడబోతోంది. మీ ఎజెండాలోనూ రాయించండి. పిల్లల్ని మాత్రం కొట్టకండి, దాచేస్తారు. సీసా మీద ఏం రాసుందో ముందు వాళ్లచేతే చదివించండి.