గడువు తేదీ మన నుడిలో తెలియాలి
(దుర్గాపూర్‌లో తెలుగు చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషోద్యమ సభలలో బడి గురించి, పాలన గురించి, న్యాయస్థానాల గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం. ఈనాడు నేను అమ్మకపు పన్ను రిటర్నుల గడువుల గురించి మాట్లాడతాను. ఇది భాషకు సంబంధించని సంగతి అని కొందరికి అనిపించవచ్చు. ఈ ఊళ్లో చిన్న దుకాణాల లెక్కలు ఏళ్ల తరబడి రాస్తున్నవాడిగా నేను గమనించింది వేరు. నా దగ్గరకు వచ్చే చిరువ్యాపారులు కట్టే ఆలస్య రుసుములో చాలావరకు డబ్బు లేక కట్టేది కాదు, తేదీ తెలియక కట్టేది. ఆ తేదీ వారు చదవలేని భాషలో ఉండటమే దానికి మూలం.

బొగ్గు గనులలో, థర్మల్ విద్యుత్కేంద్రంలో, బల్లార్పూర్ కాగితపు మిల్లులో పనికోసం మన పెద్దలు ఈ జిల్లాకు వచ్చారు. కొందరు రాకముందే తెలుగు ఇక్కడ ఉంది. పక్కనున్న రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. వచ్చినవారి పిల్లలలో కొందరు కిరాణా దుకాణాలు, టీ కొట్లు, ఇనుప సామాన్ల దుకాణాలు పెట్టుకున్నారు. వీరు ఇంట్లో తెలుగు, గిరాకీతో మరాఠీ, హిందీ మాట్లాడతారు. కానీ పన్ను శాఖనుండి వారికి వచ్చే తాఖీదు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

పన్ను చట్టాలు మారినప్పుడల్లా ఈ కష్టం పెరిగింది. 1959 నాటి బొంబాయి అమ్మకపు పన్ను చట్టం స్థానంలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. ప్రతిసారీ ఫారాల పేర్లు మారాయి, తేదీలు మారాయి. వెనుకటి రోజుల్లో కాగితం పట్టుకొని కార్యాలయానికి వెళితే అక్కడి గుమాస్తా మరాఠీలోనైనా నోటితో చెప్పేవాడు. ఇప్పుడు అంతా కంప్యూటరు తెరమీదే. తెర చదవలేనివాడిని పిలిచి చెప్పేవారు లేరు.

ఇక తేదీలకు వద్దాం. దయచేసి రాసుకోండి.

ఏడాది అమ్మకం కోటిన్నర రూపాయలకు లోపు ఉండి కంపోజిషన్ పథకంలో ఉన్న దుకాణదారు మూడు నెలలకొకసారి పన్ను కడతాడు. త్రైమాసికం ముగిసిన తరువాతి నెల 18వ తేదీలోగా సీఎంపీ-08 ఇవ్వాలి. అంటే ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల 18. ఏడాదికొకసారి జీఎస్‌టీఆర్-4 ఇవ్వాలి. దీని గడువు ముందు ఏప్రిల్ 30గా ఉండేది. 2024-25 ఆర్థిక సంవత్సరం నుండి జూన్ 30 అయింది. మహారాష్ట్రలో వృత్తి పన్ను 2,500 రూపాయలు కట్టవలసిన గడువు కూడా జూన్ 30యే కనుక రెండింటినీ కలిపి గుర్తుంచుకోవచ్చు. ఈ పథకంలో ఉన్నవారు మంచిర్యాల నుండో కాగజ్‌నగర్ నుండో సరుకు తెచ్చుకోవచ్చు గాని, రాష్ట్రం దాటించి అమ్మకూడదు. తెలంగాణలో బంధువులున్న మనవారికి ఈ నియమం ముఖ్యం.

మామూలు పద్ధతిలో ఉండి, అమ్మకం 5 కోట్లకు మించనివారికి 2021 జనవరి నుండి మూడు నెలల రిటర్ను, నెలవారీ చెల్లింపు పథకం ఉంది. ఏప్రిల్ నుండి జూన్ వరకు ఉన్న త్రైమాసికాన్ని చూడండి. ఏప్రిల్ పన్ను మే 25లోగా, మే పన్ను జూన్ 25లోగా పీఎంటీ-06 చలానాతో కట్టాలి. మూడు నెలల అమ్మకాల వివరాలు, అంటే జీఎస్‌టీఆర్-1, జూలై 13లోగా ఇవ్వాలి. పన్ను లెక్క తేల్చే జీఎస్‌టీఆర్-3బీ జూలై 22లోగా ఇవ్వాలి. నెల నెలా రిటర్ను ఇచ్చేవారికి ఈ రెండు గడువులు 11, 20.

గడువు తప్పితే ఏమవుతుంది? 3బీకి రోజుకు 50 రూపాయల రుసుము పడుతుంది. అమ్మకమే లేకపోయినా రిటర్ను ఇవ్వాలి, దానికి రోజుకు 20. కోటిన్నర లోపు అమ్మకం ఉన్నవారికి ఒక్కో రిటర్నుకు ఈ రుసుము 2,000కు, అమ్మకం లేనివారికి 500కు మించదు. దీనికి తోడు కట్టని పన్నుపై ఏడాదికి నూటికి 18 వడ్డీ. పది వేల పన్ను ముప్పై రోజులు ఆలస్యమైతే వడ్డీ 148 రూపాయలు, రుసుము 1,500. బాకీ పడిన పన్నుకు పడే వడ్డీకంటే తేదీ మరిచినందుకు పడే దండుగే పది రెట్లు ఎక్కువ. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోనిది కాదు. టీ కొట్టువాడికి మాత్రం అది కొన్ని రోజుల లాభం.

నష్టం అంతటితో ఆగదు. మన దుకాణంలో బోల్టులు, పైపులు కొన్న గుత్తేదారు తాను కట్టిన పన్నును జమ చేసుకోవాలంటే మనం జీఎస్‌టీఆర్-1 ఇచ్చి ఉండాలి. మనం ఇవ్వకపోతే అతని ఖాతాలో ఆ జమ కనపడదు. ఒకసారి ఓర్చుకుంటాడు, రెండోసారి వేరే దుకాణానికి వెళతాడు. ఇలా పాత ఖాతాదారును పోగొట్టుకున్నవారు ఈ సభలోనే ఉన్నారు. వరుసగా రెండు గడువుల 3బీ ఇవ్వకపోతే సరుకు పంపడానికి ఈ-వే బిల్లు రాదు. ఆ తరువాత రిజిస్ట్రేషను రద్దుకూ దారితీస్తుంది. రిటర్ను ఇమ్మని వచ్చే తాఖీదులో ఉండేది 15 రోజుల గడువు. ఆ తాఖీదు ఇంగ్లీషులో, ఎవరూ తెరవని ఈమెయిల్‌లో పడి ఉంటే ఆ పదిహేను రోజులూ ఎవరికీ తెలియకుండానే గడిచిపోతాయి.

కనుక మనం చేసుకోగలిగినవి ముందు చేసుకుందాం. మొదటిది, పోర్టల్‌లో నమోదైన ఫోను నంబరు మీదే కావాలి. లెక్కలు రాసేవారి నంబరు ఇస్తే ఓటీపీ, తాఖీదు అన్నీ వారికే పోతాయి. ఇది నా వృత్తివారికి రుచించకపోయినా చెప్పక తప్పదు. రెండవది, గోడమీది తెలుగు క్యాలెండరులో మీ గడువులకు ఎర్ర సిరాతో చుట్టు గీసి, పక్కన 'పన్ను', 'వివరాలు', 'రిటర్ను' అని తెలుగులో రాయండి. ఏకాదశి, అమావాస్య చూసుకునే ఇంట్లో ఇదీ కనిపిస్తుంది. ఇల్లాలికి, పిల్లలకు తెలిస్తే ఒకరు మరిచినా మరొకరు గుర్తుచేస్తారు. మూడవది, గడువుకు మూడు రోజుల ముందే ముగించండి. చివరి రోజు పోర్టల్ నెమ్మదిస్తుంది. నాలుగవది, రిటర్ను ఇచ్చాక వచ్చే రసీదు సంఖ్యను ఖాతా పుస్తకంలో రాయించుకోండి. "వేశాను" అన్న మాట చాలదు, సంఖ్య చూడాలి.

ఇవి మనం చేసుకునేవి. ప్రభుత్వాలు చేయవలసినవీ ఉన్నాయి. త్రైమాసిక 3బీ గడువు 22వ తేదీ మహారాష్ట్రకూ, తెలంగాణకూ, ఆంధ్రప్రదేశ్‌కూ ఒక్కటే. మిగిలిన జీఎస్‌టీ తేదీలు దేశమంతటా ఒక్కటే. తెలుగు రాష్ట్రాల పన్నుల శాఖలు గడువుల పట్టికను ఒక్క పుటలో తెలుగులో అచ్చువేసి పంచితే అది ఆదిలాబాదులో ఎంత పనికివస్తుందో దుర్గాపూర్‌లోనూ అంతే పనికివస్తుంది. జీఎస్‌టీ మండలిలో రెండు తెలుగు రాష్ట్రాల మంత్రులూ సభ్యులే. తాఖీదు ఇంగ్లీషుతో పాటు వ్యాపారి కోరుకున్న భాషలోనూ రావాలని వారు అక్కడ అడగాలి. ఫోనుకు వచ్చే నాలుగు పంక్తుల సందేశాన్ని తెలుగులో పంపడం ఈనాటి సాంకేతికతకు బరువు కాదు. బ్యాంకుల యంత్రాలు చేస్తున్న పనే అది.

ఇది మరాఠీకి వ్యతిరేకమైన కోరిక కాదని స్పష్టంగా చెబుతున్నాను. ఈ నేల భాష మరాఠీ. దానిని మనం నేర్చుకున్నాం, గౌరవిస్తాం. మన పొరుగునున్న మరాఠీ కిరాణా వ్యాపారికీ ఆ ఇంగ్లీషు తాఖీదు అర్థం కావడం లేదు. ఈ కోరికలో అతడు మనతో నిలబడతాడు. తమ కష్టాన్ని ఏ అధికారికైనా సంఘంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. ఆ హక్కును మనం వాడుకోవాలి.

పన్ను ఎగవేయడానికి మనం దారి అడగడం లేదు. సకాలంలో కట్టడానికి దారి అడుగుతున్నాం. పన్ను పుచ్చుకునే ప్రభుత్వం, దానిని ఎప్పుడు కట్టాలో కట్టేవానికి అర్థమయ్యేలా చెప్పడం దాని బాధ్యత. ఈ విన్నపాన్ని తెలుగులోనూ మరాఠీలోనూ రాసి తెచ్చాను. సభ ముగిశాక అందరూ చదివి, సమ్మతమైతే సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాను.