హాజరు పుస్తకంలో మన పేరు



సూపర్‌వైజర్ తాతగారంటే మన పేటలో తెలియనివారు లేరు. అంబాజీపేట వైపు ఒక కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో డొక్కలు మోసే కూలీగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యారు. ఆయన గొప్పవారని చెప్పి కూర్చుంటే మీకేమీ ఉపయోగం లేదు. ఆయన చేసిన పని ఒక్కటి చెబుతాం. అది పేర్లు రాయడం.

తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకల కుటుంబాలెన్నో ఆ జాబితాకెక్కాయి. బుట్టలల్లుకు బతికే మనిషైనా సరే, పోలీసు పుస్తకంలో పేరుంటే వేలిముద్ర వేయాలి, పిలిచిన వేళకు వెళ్లి హాజరు చెప్పాలి. తాతగారి తాత అలా హాజరు చెప్పినవారే. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అదే ఏడాది ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చింది. "ఒక పుస్తకంలోంచి మన పేరు కొట్టేశారు. ఇంకో పుస్తకంలో రాయించుకోవలసింది మనమే" అనేవారు తాతగారు.

డొక్క బరువులో పీచు సుమారు మూడో వంతే, మిగతాదంతా పొట్టు. ఆ దుమ్ములో నిలబడి పీచు దులిపి, ఎండబెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల పేర్లు మస్టరులో ఉండేవి కావు. సాయంత్రం చేతిలో కూలి పెడితే సరిపోయేది. తాతగారు సూపర్‌వైజరయ్యాక ప్రతి మనిషి పేరూ ఇంటిపేరుతో సహా రాశారు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కదా, ఇన్ని పేర్లెందుకని యజమాని విసుక్కున్నారట. ఆయన రాయడం మానలేదు.

1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. డొక్కల్లేక మిషన్లు ఆగిపోయాయి. మళ్లీ పని మొదలైనప్పుడు పాతవాళ్లెవరో చెప్పింది ఆ మస్టరే. అందులో మా అమ్మ పేరు కూడా ఉంది. తర్వాత అమ్మ పీఎఫ్‌లోంచి తీసిన అడ్వాన్సుతోనే మేము బీఈడీ ఫీజు కట్టాం.

ఆయనది మెత్తని మనసేమీ కాదు. మాకు జ్వరం వచ్చి డాక్టరుకు చూపించి ఆలస్యంగా వెళ్లిందని అమ్మకు సగం రోజు కోశారు. ఏడాదిపాటు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. "ఒక్కచోట అబద్ధం రాస్తే, రేపు నిజం రాసినా నమ్మరమ్మా" అన్నారట.

రిటైరయ్యాక ఆదివారాలు మా హాస్టల్‌కు వచ్చేవారు. ఒకసారి హాజరు పుస్తకం తిరగేసి, "ఆబ్సెంట్ అని రాశారు సరే, పిల్లాడు ఎక్కడున్నాడో కనుక్కున్నారా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. మూడు రోజులుగా గీత పెట్టి ఊరుకున్నాం. అది మా తప్పే. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని వెళితే, ఆ పిల్లాడు రొయ్యల చెరువు కాపలాలో కనబడ్డాడు. ఇంట్లో అప్పు ఉంది. వాళ్ల నాన్నతో తాతగారు మధ్యాహ్నం దాకా కూర్చుని మాట్లాడారు. ఆ కుర్రాడిప్పుడు ఐటీఐ చదువుతున్నాడు. అప్పటినుంచి ఏ పిల్లలు రాకపోయినా ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు రేపు రాజమండ్రికో, హైదరాబాద్‌కో పనికి వెళతారు. చేరిన రోజే మస్టరులో పేరు ఎక్కిందా అని అడగండి. యూఏఎన్ నంబరు తీసుకోండి, జీతం చీటీలు దాచుకోండి. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు లెక్కలో ఉండాలి. అడగడానికి సిగ్గుపడొద్దు. మన ముందువాళ్లు భయంతో హాజరు చెప్పారు. మనం హక్కుతో చెబుదాం.